క్లోరోఫామ్‌తో వెతికితే క్లోరోఫామ్ దొరుకుతుందా? నీళ్లలో కనపడని కెమికల్స్‌ని పట్టుకున్న కథ

పోయిన నెల మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేశారు. గొంతులో కంగారు. "ఒరేయ్, మన బోరు నీళ్లలో 640 ఉందంటరా!" అన్నారు. 640 ఏంటి నాన్నా అంటే ఆయనకూ తెలీదు. విషయం ఏంటంటే, వాటర్ ప్యూరిఫైయర్ అమ్మే కుర్రాడు ఒకడు ఇంటికొచ్చి, పెన్నులాంటి మీటర్ తీసి గ్లాసులో ముంచాడు. 640 అని వచ్చింది. తర్వాత తన మెషీన్ నీళ్లలో ముంచాడు. 40 అని వచ్చింది. "చూశారా సార్, మీరు తాగేది ఇన్నాళ్లూ విషం" అన్నాడట.

ఆ పెన్ను పేరు టీడీఎస్ మీటర్. అది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన ఉప్పులు సుమారుగా ఎంత ఉన్నాయో చెప్తుంది. అంతే. కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటివి అన్నమాట. పొలంలో కొట్టిన పురుగుల మందు ఆ నీళ్లలో కలిసిందనుకోండి, ఆ పెన్నుకి అస్సలు తెలీదు. 40 అని చూపించిన గ్లాసులో కూడా మందు ఉండొచ్చు, 640 చూపించిన గ్లాసులో లేకపోవచ్చు.

మరి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నాన్న అడిగిన ఈ ప్రశ్నతో మొదలుపెట్టి చదువుకుంటూ పోతే డెబ్భై ఏళ్ల హిస్టరీ బయటపడింది. అందులో మిసిసిపీ నది ఉంది, హాలండ్‌లో బీరు వాసన తెలిసిన ఒక కెమిస్ట్ ఉన్నాడు, మన పటాన్‌చెరు కూడా ఉంది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు సైజు అర్థం చేసుకుందాం

యూరప్‌లో తాగే నీళ్లలో ఏ ఒక్క పురుగుల మందైనా లీటరుకి 0.1 మైక్రోగ్రామ్ దాటకూడదని రూల్. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 0.1 మైక్రోగ్రామ్ అంటే ఎంత? ఎండాకాలం మన వీధిలోకి వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్ ఊహించుకోండి. ఆ మొత్తం ట్యాంకర్‌లో 1 మిల్లీగ్రామ్ మందు కలిస్తే వచ్చేది ఆ లెవెల్. చిటికెడు ఉప్పు తీసుకుని దాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం కూడా దీనికంటే ఎక్కువే ఉంటుంది.

ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా, దాంట్లోకి ఎక్కించేది మామూలుగా మైక్రోలీటర్లలో ఉంటుంది. అంటే ఒక చుక్కలో చిన్న భాగం. పదివేల లీటర్లలో ఒక మిల్లీగ్రామ్ ఉన్న నీళ్ల నుంచి ఒక చుక్క తీసి మెషీన్‌కి ఇస్తే దానికి ఏం కనపడుతుంది? పైగా గ్యాస్ క్రొమటోగ్రఫీ మెషీన్లకి నీళ్లంటేనే పడదు.

కాబట్టి అసలు పని మెషీన్ దగ్గర కాదు, మెషీన్‌కి ముందు ఉంది. లీటర్ నీళ్లలో ఉన్న కాస్త కెమికల్‌ని మొత్తం ఏరి, ఒక మిల్లీలీటర్ ద్రవంలోకి తేవాలి. అప్పుడు వెయ్యి రెట్లు చిక్కబడుతుంది. దీన్నే ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. అందరూ మెషీన్ ఫొటోలు పెడతారు, ఈ ఏరే పని గురించి ఎవరూ మాట్లాడరు. కానీ హిస్టరీ మొత్తం తిరిగింది ఈ ఏరే పని చుట్టూనే.

పులుసు మీద నూనె

మొదటి పద్ధతి మన వంటింట్లో రోజూ జరిగేదే. చేపల పులుసు ఉడికాక పైన నూనె తేలుతుంది కదా. ఆ నూనె రంగు చూడండి, ఎర్రగా ఉంటుంది. కారంలో ఉన్న రంగుకి నీళ్ల కంటే నూనె ఇష్టం. అందుకే నీళ్లు వదిలి నూనెలోకి ఎక్కుతుంది. పురుగుల మందుల్లో చాలావరకు ఇలాంటివే. నీళ్లలో ఉంటాయి కానీ ఇష్టంగా ఉండవు.

ల్యాబ్‌లో నూనె బదులు డైక్లోరోమీథేన్ లాంటి ద్రవం వాడతారు. కింద కుళాయి ఉన్న పెద్ద గాజు గరాటులో లీటర్ నీళ్లు పోసి, ఇది 60 మిల్లీలీటర్లు పోసి, బాగా కుదుపుతారు. ఇది నీళ్ల కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. కుళాయి తిప్పి దాన్ని దించుకుంటారు. మళ్లీ 60, మళ్లీ 60. మూడుసార్లు కలిపిన ద్రవాన్ని మెల్లగా ఆవిరి చేసి ఒక మిల్లీలీటర్‌కి దించుతారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతుల్లో ఈ మూడు అరవైల లెక్క ఇప్పటికీ ఉంది.

కానీ 1950ల్లో ఇంకో ఇబ్బంది ఉండేది. అప్పటి మెషీన్లు ఇంత షార్ప్ కాదు. లీటర్ నీళ్లలోంచి తీసింది సరిపోయేది కాదు. అందుకని అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్ వాళ్లు వేరే దారి పట్టారు. 1951లో బ్రాస్, మిడిల్‌టన్, వాల్టన్ అనే ముగ్గురు ఒక పేపర్ వేశారు. గొట్టం నిండా యాక్టివేటెడ్ కార్బన్ నింపి, దాని గుండా వేల లీటర్ల నది నీళ్లు రోజుల తరబడి పంపడం వాళ్ల పద్ధతి. నీళ్లలో ఉన్న కెమికల్స్ ఆ బొగ్గుకి అతుక్కుంటాయి. తర్వాత బొగ్గుని ఆరబెట్టి, ఒక ద్రవంతో మళ్లీ మళ్లీ కడుగుతారు. కడగడానికి సాక్స్‌లెట్ అనే గాజు పరికరం వాడతారు. అది 1879లో పాలలో కొవ్వు తీయడానికి ఒక జర్మన్ కెమిస్ట్ చేసింది. కడిగిన ద్రవం ఆవిరైపోయాక అడుగున జిడ్డులాంటిది మిగులుతుంది. దాన్ని తూకం వేస్తారు. ఎంత జిడ్డు ఉంటే నీళ్లు అంత పాడైనట్టు.

కడగడానికి వాడిన ద్రవం పేరు క్లోరోఫామ్. అందుకే ఆ జిడ్డుకి కార్బన్ క్లోరోఫామ్ ఎక్స్‌ట్రాక్ట్ అని పేరు పెట్టారు. 1962లో అమెరికా తాగునీటి ప్రమాణాల్లో కూడా ఇది చేరింది. లీటరుకి 0.2 మిల్లీగ్రామ్ దాటకూడదు అన్నారు. అంటే గవర్నమెంట్ దృష్టిలో నీళ్లు మంచివా కాదా అని చెప్పే కొలత ఇదే అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ పద్ధతిలో ఒక పెద్ద బగ్ ఉంది. మీకేమైనా తట్టిందా? నీళ్లలో అసలు క్లోరోఫామే ఉంటే ఏమవుతుంది?

ఏమీ అవ్వదు. కనపడదు. ఎందుకంటే వెతికే ద్రవమే క్లోరోఫామ్. చివర్లో దాన్ని మొత్తం ఆవిరి చేసేస్తాం. నీళ్లలోంచి వచ్చిన క్లోరోఫామ్ కూడా దాంతో పాటే గాల్లో కలిసిపోతుంది. తేలిగ్గా ఆవిరయ్యే ఏ కెమికల్‌దైనా ఇదే గతి. అంటే రిపోర్ట్‌లో "బాగానే ఉంది" అని వచ్చిన నీళ్లలో ఒక పెద్ద కుటుంబం మొత్తం దాక్కుని ఉంది.

క్లోరోఫామ్ అంటే మనకి తెలిసిందే

సినిమాల్లో విలన్ కర్చీఫ్‌కి పూసి ముక్కు దగ్గర పెట్టేది ఇదే. ఒకప్పుడు నిజంగానే ఆపరేషన్లకి మత్తుమందుగా వాడేవాళ్లు. మీలో చాలామందికి తెలియని విషయం, దీని సేఫ్టీ మీద ప్రపంచం మాట్లాడుకున్న పెద్ద ప్రయోగాలు జరిగింది మన హైదరాబాద్‌లో. 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి. వాటి పేరు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బులిచ్చారు, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ నడిపించారు. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి తేల్చింది ఏంటంటే, క్లోరోఫామ్ నేరుగా గుండెని ఆపదు, ఊపిరి చూసుకుంటే చాలు అని. 1911లో గుడ్‌మన్ లెవీ అనే శాస్త్రవేత్త అది తప్పని చూపించారు. కొద్దిపాటి మత్తులో కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చని తేలింది. ప్రయోగాలు ఎక్కువ చేయడం వేరు, సరైన చోట చూడటం వేరు. నీళ్ల విషయంలో కూడా జరిగింది ఇదే.

చేపలు ముందే చెప్పాయి

1963 చివర్లో మిసిసిపీ నది దిగువన లక్షల చేపలు చచ్చి తేలాయి. నీళ్లు చూస్తే మామూలుగానే ఉన్నాయి. శాస్త్రవేత్తలు చేపల ఒంట్లో వెతికారు. ఎండ్రిన్ అనే పురుగుల మందు దొరికింది. నీళ్లలో కొంచెమే ఉన్నా చేప తన ఒంట్లో దాన్ని పోగేసుకుంటూ పోతుంది. ల్యాబ్ చేయాల్సిన ఏరే పని చేపే చేసి పెట్టింది, పాపం ప్రాణం పెట్టి.

అప్పటికి ఒక మంచి టూల్ కూడా చేతికొచ్చింది. 1957లో జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ తయారుచేశారు. క్లోరిన్ ఉన్న కెమికల్స్‌ని అది చాలా తక్కువ మోతాదులో కూడా పట్టేస్తుంది. కన్ను వచ్చింది. కానీ ఆ కంటి ముందుకి సరుకు తెచ్చే చెయ్యి ఇంకా పాతదే.

బీరు నుంచి వచ్చిన ఐడియా

1970ల మొదట్లో హాలండ్‌లోని రోటర్‌డ్యామ్ నగర వాటర్ వర్క్స్‌లో యోహానెస్ రూక్ అనే కెమిస్ట్ ఉండేవారు. ఆయన అంతకుముందు బీరు తయారీ రంగంలో పనిచేశారు. బీరు వాసన పరీక్షించేటప్పుడు బీరుని కెలకరు. మూసిన సీసాని కాస్త వెచ్చచేసి, ద్రవం పైన ఉన్న ఖాళీలో చేరిన గాలిని సిరంజితో తీసి మెషీన్‌కి ఇస్తారు. సాంబార్ గిన్నె మూత తీయగానే వచ్చే ఆవిరిలో ఇంగువ ఉందో లేదో మనకి తెలిసిపోతుంది కదా, సాంబార్‌ని రుచి చూడక్కర్లేదు. అదే లాజిక్.

రూక్ ఇదే పద్ధతి తాగే నీళ్ల మీద వాడారు. ద్రవం లేదు, బొగ్గు లేదు, ఆవిరి చేసి పారబోయడం లేదు. మెషీన్‌లో క్లోరోఫామ్ గీత లేచింది. శుద్ధి చేయకముందు నది నీళ్లలో అది దాదాపు లేదు. క్లోరిన్ కలిపిన తర్వాత వస్తోంది. అంటే ఫ్యాక్టరీ ఎవరో వదిలింది కాదు. ఆకులు, మట్టి కుళ్లి నీళ్లకి గోధుమ రంగు తెచ్చే సహజ పదార్థాలు ఉంటాయి. మనం క్రిములు చావడానికి కలిపే క్లోరిన్ వాటితో కలిసి క్లోరోఫామ్‌ని, దాని చుట్టాలని తయారుచేస్తోంది. రూక్ దీన్ని 1974లో ప్రచురించారు.

అదే ఏడాది అమెరికాలో సిన్సినాటి ఈపీఏ ల్యాబ్ నుంచి టామ్ బెల్లర్, జేమ్స్ లిచ్టెన్‌బర్గ్ ఇంకో పద్ధతి చూపించారు. 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, అడుగు నుంచి గ్యాస్ బుడగలు వదులుతారు. ఆవిరయ్యే కెమికల్స్ బుడగల్లో ఎక్కి పైకి వస్తాయి. పైన ఒక చిన్న గొట్టంలో టెనాక్స్ అనే పొడి ఉంటుంది, అది వాటిని పట్టుకుంటుంది. తర్వాత ఆ గొట్టాన్ని ఒక్కసారిగా వేడిచేస్తే పట్టుకున్నదంతా నేరుగా మెషీన్‌లోకి వెళ్తుంది. దీనికి పర్జ్ అండ్ ట్రాప్ అని పేరు. ఒకప్పుడు వేల లీటర్లు, రోజుల తరబడి పని. ఇప్పుడు ఒక టీస్పూన్ నీళ్లు. వాళ్లకీ క్లోరిన్ కలిపిన నీళ్లలో అవే గీతలు కనపడ్డాయి.

న్యూ ఆర్లీన్స్, 1974

మిసిసిపీ నది చివర్లో ఉండే ఊరు న్యూ ఆర్లీన్స్. పైనున్న ఫ్యాక్టరీలు, పొలాలు, ఊళ్లు వదిలినవన్నీ దాటుకుని వచ్చిన నీళ్లే అక్కడి కుళాయిల్లో వస్తాయి. 1974 నవంబర్‌లో ఈపీఏ రిపోర్ట్ వచ్చింది. ఆ ప్రాంతం తాగునీళ్లలో 66 ఆర్గానిక్ కెమికల్స్ గుర్తించామని. అదే నెలలో ఒక పర్యావరణ సంస్థ, ఆ నది నీళ్లు తాగే చోట్ల క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉన్నట్టున్నాయని ఒక స్టడీ విడుదల చేసింది. అది ఫైనల్ రుజువు కాదు. కానీ జనానికి అంత ఓపిక ఉంటుందా? టీవీల్లో అదే టాపిక్. 1974 డిసెంబర్ 16న ప్రెసిడెంట్ జెరాల్డ్ ఫోర్డ్ సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్ట్ మీద సంతకం పెట్టారు.

1975లో 80 నగరాల నీళ్లు చూశారు. క్లోరిన్ కలిపే చోటల్లా ఈ కుటుంబం కనపడింది. 1976లో, ఎక్కువ మోతాదు క్లోరోఫామ్ ఇచ్చిన ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు వచ్చాయని అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ చెప్పింది. 1979లో ఈ కుటుంబం మొత్తానికి లీటరుకి 100 మైక్రోగ్రాముల లిమిట్ పెట్టారు. తర్వాత దాన్ని 80కి తగ్గించారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వాట్సాప్‌లో ఈ క్లిప్ కట్ చేసి "క్లోరిన్ నీళ్లు తాగొద్దు" అని తిప్పకండి దయచేసి. అమెరికాలో 1908లో జెర్సీ సిటీలో నగరం మొత్తానికి క్లోరిన్ మొదలయ్యాక టైఫాయిడ్ లాంటివి ఎంత తగ్గాయో హిస్టరీలో ఉంది. కలరా, టైఫాయిడ్ ఈ వారంలోనే చంపుతాయి. ఆ లిమిట్ పెట్టింది క్లోరిన్ మానేయమని కాదు. నీళ్లలో మట్టి, ఆకుల పదార్థాలు ముందే తీసేసి, తర్వాత క్లోరిన్ కలపమని.

ఆవకాయ డబ్బా

ఆవిరయ్యే వాటి సంగతి తేలింది. మరి ఆవిరవ్వని వాటి సంగతి? దానికి జవాబు అయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడ బావి నీళ్లు అదోలా ఉన్నాయని జనం గోల. అక్కడి యూనివర్సిటీలో జేమ్స్ ఫ్రిట్జ్, గ్రెగర్ జంక్, ఇంకా కొందరు దాని వెనక పడ్డారు. వాళ్లు బొగ్గు వాడలేదు. బొగ్గుతో ఒక సమస్య ఉంది, పట్టుకున్నది ఒక పట్టాన వదలదు. కొన్నిటిని మార్చేస్తుంది కూడా. వాళ్లు ఎక్స్‌ఏడీ అనే ప్లాస్టిక్ పూసలు వాడారు.

మీ ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ పెట్టారా ఎప్పుడైనా? డబ్బా కడిగినా ఎరుపు పోదు, వాసన పోదు. నీళ్లు ఎన్ని పోసినా దండగ. అదే కాస్త నూనె రాసి తుడిస్తే ఎరుపు చాలావరకు వచ్చేస్తుంది. ఎక్స్‌ఏడీ పూసల పని అచ్చం ఇదే. నీళ్లు వాటి మధ్య నుంచి పోతుంటే, నూనె స్వభావం ఉన్న కెమికల్స్ ప్లాస్టిక్‌కి అంటుకుంటాయి. తర్వాత కొంచెం ఈథర్ పోస్తే మొత్తం వదిలేస్తాయి. 1972లో వాళ్ల పేపర్ వచ్చింది. ఏమ్స్ నీళ్లలో దొరికినవి బొగ్గు తారులో ఉండే రకాలు. దశాబ్దాల కిందట అక్కడ బొగ్గు నుంచి గ్యాస్ తీసే ప్లాంట్ ఉండేది. ప్లాంట్ పోయింది, దాని చెత్త నేలలో ఉండిపోయి బావిలోకి దిగింది. ఆ తరం వాళ్లు చేసింది మనవళ్ల గ్లాసులో తేలింది.

1978లో వాటర్స్ అనే కంపెనీ సెప్‌పాక్ అని వేలెడంత కార్ట్రిడ్జ్ మార్కెట్లోకి తెచ్చింది. లోపల సన్నని సిలికా పొడి. ఆ పొడి రేణువుల మీద 18 కార్బన్లు ఉన్న జిడ్డు వెంట్రుకల్లాంటివి అతికించి ఉంటాయి. నీళ్లు పోస్తే కెమికల్స్ ఆ వెంట్రుకలకి పట్టుకుంటాయి. కొన్ని మిల్లీలీటర్ల ద్రవంతో దించుకోవచ్చు. దీన్ని సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్ అంటారు, ల్యాబ్ వాళ్లు ఎస్‌పీఈ అంటారు. గరాటు కుదిపి కుదిపి భుజాలు నొప్పి పెట్టే పని తగ్గింది. గదుల నిండా డైక్లోరోమీథేన్ వాసన తగ్గింది. అది పీల్చేది ల్యాబ్‌లో పనిచేసే మనుషులే కదా.

1990లో కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ నుంచి యానుష్ పావ్లిషిన్ ఇంకో అడుగు వేశారు. వెంట్రుకంత గాజు పోగు, దాని మీద పల్చటి పూత. నీళ్లలో ముంచి తీసి నేరుగా మెషీన్‌లో పెట్టడమే. ద్రవం ఒక్క చుక్క అక్కర్లేదు.

పరీక్షకే పరీక్ష

నేను కోడ్ రాసే జాబ్‌లో ఉన్నప్పుడు మా టీమ్ లీడ్ అన్న ఒక మాట అనేవాడు: "టెస్ట్ పాస్ అయిందంటే బగ్ లేదని కాదు, నీ టెస్ట్‌కి దొరకలేదని." నీళ్ల ల్యాబ్ వాళ్లు దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు.

ఒకటి, శాంపిల్ నీళ్లలో వాళ్లే తెలిసిన మోతాదు కెమికల్ కలుపుతారు. 100 కలిపితే చివరికి ఎంత తిరిగొచ్చింది? 90 వస్తే పద్ధతి బాగుంది. 20 వస్తే మిగతా 80 ఎక్కడో పోతోంది. దీన్ని రికవరీ అంటారు. రెండు, బ్లాంక్. పూర్తిగా శుభ్రమైన నీళ్లని కూడా అదే సీసాలో, అదే దారిలో, అదే పద్ధతిలో నడిపిస్తారు. దాంట్లో ఏమైనా వస్తే అది నదిలోది కాదు, మన చేతులది, మన ప్లాస్టిక్ ట్యూబ్‌ది. మూడు, సీసా. ఆవిరయ్యే వాటికి సీసాలో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. ఉంటే కెమికల్ అందులోకి జారుకుంటుంది. క్లోరిన్ ఉన్న నీళ్లయితే దాన్ని ఆపే మందు ముందే వేయాలి. లేకపోతే ల్యాబ్‌కి వచ్చే దారిలో సీసాలోనే క్లోరోఫామ్ తయారవుతూ ఉంటుంది.

మన దగ్గరికి వద్దాం

మొదట్లో చెప్పిన 0.1 మైక్రోగ్రామ్ గుర్తుందా? అది 1980లో యూరప్ పెట్టిన లిమిట్. అది ఏ మందు ఎంత ప్రమాదమో లెక్కేసి పెట్టింది కాదు. నీళ్లలో పురుగుల మందు ఉండనే కూడదు అన్నది వాళ్ల ఉద్దేశం. సున్నాని కొలవలేం కాబట్టి, అప్పటి పద్ధతులు దాదాపు ఎంతవరకు చూడగలవో అక్కడ గీత గీశారు.

మన దేశంలో ఏం జరిగింది? 2003 వరకు మన ప్యాకేజ్డ్ వాటర్ ప్రమాణంలో పురుగుల మందులు "గుర్తించగలిగే స్థాయికంటే తక్కువ" ఉండాలని రాసి ఉండేది. వినడానికి ఎంత స్ట్రిక్ట్‌గా ఉంది! కానీ ఏ పద్ధతితో గుర్తించాలో చూస్తే, చెప్పిన పద్ధతులు అంత చూపు ఉన్నవి కావు. కళ్లజోడు తీసేసి "నాకేం కనపడట్లేదు" అన్నట్టు. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, సీఎస్‌ఈ వాళ్లు బాటిల్ నీళ్లు చాలా సెన్సిటివ్ పద్ధతులతో చూశారు. లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ దొరికాయి. ఆగస్టులో కూల్ డ్రింక్స్ రిపోర్ట్ వచ్చింది. మీ అన్నల్ని, అక్కల్ని అడగండి, ఆ గొడవ వాళ్లకి గుర్తుంటుంది. పార్లమెంటు జాయింట్ కమిటీ వేసింది. 2004లో ఆ కమిటీ సీఎస్‌ఈ రిజల్ట్స్ కరెక్టే అంది. బాటిల్ నీళ్లకి ఒక్కో మందుకి 0.1, మొత్తం కలిపి 0.5 మైక్రోగ్రాములని స్పష్టమైన నంబర్ వచ్చింది. "కనపడకూడదు" అన్న మాట పోయి నంబర్ రావడమే అసలు గెలుపు.

ఇక పటాన్‌చెరు. నేను జాబ్ చేసేటప్పుడు బీరంగూడ వైపు రూమ్‌లో ఉండేవాణ్ని. అక్కడికి దగ్గరే. వాసన వస్తే కిటికీ వేసుకునేవాళ్లం, అంతకుమించి ఆలోచించలేదు. 2007లో స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ టీమ్ ఒక పేపర్ వేసింది. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంట్ ఉంది. శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు ఉంది.

మైక్రో కాదు ఫ్రెండ్స్, మిల్లీ. ఇంతసేపూ మనం ట్యాంకర్‌లో ఒక మిల్లీగ్రామ్ ఏరడం ఎలా అని మాట్లాడుకున్నాం. ఇక్కడ 16 లీటర్ల బకెట్‌లో ఒక 500 ఎంజీ టాబ్లెట్ ఉంది. వాళ్ల లెక్కలో రోజుకి దాదాపు 45 కిలోలు, అంటే ఆ సైజు టాబ్లెట్లు 90 వేలు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడే మందు. జబ్బుపడ్డ మనిషి టాబ్లెట్ వేసుకుంటే రక్తంలో చేరే దానికంటే ఆ నీళ్లలో ఎక్కువ ఉంది. ఆ నీళ్లు వాగుల్లోంచి మంజీర వైపు వెళ్లేవి. అంత యాంటీబయాటిక్‌లో బతికి బయటపడే బ్యాక్టీరియా ఎలాంటిదో మీరే ఊహించుకోండి. 2009లో అదే ప్రాంతం మీద ఇంకో స్టడీ వచ్చింది. ఆరు ఊళ్ల బావులు చూస్తే అన్నిట్లో మందుల ఆనవాళ్లు ఉన్నాయి. మనం జలుబుకి వేసుకునే సెటిరిజిన్ కూడా వాటిలో ఒకటి.

31 మిల్లీగ్రాములు పట్టుకోవడానికి కార్ట్రిడ్జ్ అక్కర్లేదు, వెయ్యి రెట్లు చిక్కబరచక్కర్లేదు. సరైన మెషీన్ దగ్గరికి ఒక సీసా తీసుకెళ్లి, ఈ మందు ఉందా అని అడిగితే చాలు. న్యూ ఆర్లీన్స్‌లో పద్ధతికి చూపు లేక కనపడలేదు. బాటిల్ నీళ్లలో రూల్ చూడనివ్వక కనపడలేదు. పటాన్‌చెరులో మందు కోసం ఎవరూ వెతకక కనపడలేదు. వ్యర్థ జలాల్లో చూసే మామూలు లిస్ట్‌లో యాంటీబయాటిక్స్ లేవు. లిస్ట్‌లో లేనిది రిపోర్ట్‌లో రాదు.

నాన్నకి చెప్పింది

అందుకే నాన్నకి చెప్పాను, ఆ పెన్ను నంబర్ చూసి భయపడొద్దు, మెషీన్ నంబర్ చూసి ధైర్యపడొద్దు అని. 640 అంటే ఉప్పులు కాస్త ఎక్కువ, రుచి తేడా, గిన్నెలకి తెల్లటి పొర. మన ఊరి చుట్టూ పత్తి చేలు ఉన్నాయి కాబట్టి, పురుగుల మందుల సంగతి తెలియాలంటే ల్యాబ్‌లోనే చూపించాలి.

ల్యాబ్ రిపోర్ట్ చేతికొచ్చాక మీరు కూడా మూడు అడగండి. ఏయే కెమికల్స్ కోసం చూశారు? మీ పద్ధతి ఎంత తక్కువ మోతాదు వరకు చూడగలదు? రికవరీ ఎంత వచ్చింది? ఈ మూడూ లేకుండా "దొరకలేదు" అని రాసి ఉంటే, ఆ మాటకి పెద్దగా అర్థం లేదు. నేను నాన్నతో ఈ మూడూ ఫోన్‌లో రాయించాను. పెన్ను కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు నాన్న అవే అడిగారట. "సార్, రేపొస్తా" అని వెళ్లిపోయాడు.

నీళ్ల శాంపిల్ ఇంకా ఇవ్వలేదు. వచ్చే వారం ఊరెళ్తున్నాను, నేనే గాజు సీసా పట్టుకెళ్తా. రిపోర్ట్ వచ్చాక ఏముందో ఏం లేదో ఇక్కడే చెప్తా. మీ ఊళ్లో ఎవరైనా ఇలా టెస్ట్ చేయించి ఉంటే కామెంట్స్‌లో రాయండి. ఉంటాను మరి, బై.